ముగ్గురికీ ఒక కోటు

మారిబోర్ నుంచి వియన్నాకి తెల్లారుజామున నాలుగున్నర బస్సు.
ముగ్గురం. కోటు ఒకటి.
బ్రెదా మేనత్తది, నల్ల ఉన్నిది,
మెడ చుట్టూ నక్క బొచ్చు.
నాలుగో గుండీ మాత్రం మా ఆసుపత్రి లాండ్రీలో
ఏ డాక్టరు చొక్కా నుంచో రాలి దొరికింది.

మూణ్ణాళ్ళ ముచ్చట అంటారు,
మాది రెండు రోజులదే.
వంతులు బస్సులోనే తేల్చుకున్నాం:
కాఫీ హౌసుకి బ్రెదా, ఒపేరాకి నేను,
మ్యూజియానికి జ్దెన్కా.
కోటు లేని ఇద్దరూ రెండడుగులు వెనక నడవాలి,
పరివారంలా.
ఆ షరతు జ్దెన్కాది. ఎందుకు ఒప్పుకున్నామో తెలీదు.

కాఫీ హౌసులో
నల్ల సూటు వెయిటరు బ్రెదాని "అమ్మగారూ" అన్నాడు.
మా ఇద్దర్నీ ఏమీ అనలేదు.
వెండి పళ్ళెంలో కాఫీ, పక్కన గ్లాసుడు నీళ్ళు,
గ్లాసు మీద బోర్లించిన చెంచా.
కర్రకి తగిలించిన పేపర్లు తిరగేస్తూ జనం,
ఎవరికీ ఎక్కడికీ వెళ్ళే పని ఉన్నట్టు లేదు.
సోడా నీళ్ళకి పగిలిపోయిన బ్రెదా చిటికెన వేలు
దానంతటదే పైకి లేచింది.

అంతలో పక్క బల్ల పెద్దాయన మోచెయ్యి తగిలి
తెల్లటి గుడ్డ మీద కాఫీ ఒలికింది.
"చన్నీళ్ళు! రుద్దకండి!"
ముగ్గురం ఒక్క గొంతుతో అరిచాం.
హాలు హాలంతా తిరిగి చూసింది.
బ్రెదా అమ్మగారితనం అక్కడితో సరి.
వెయిటరు మాత్రం వంగి, మెల్లగా,
"మా అమ్మా అదే అనేది" అన్నాడు.
బిల్లులో మూడో కేకు లేదు.

ఒపేరాలో నిలబడి చూసే టిక్కెట్లు.
కమ్మీకి స్కార్ఫు ముడేస్తే ఆ చోటు మనదట,
క్యాంటీన్ బల్ల మీద ట్రే పెట్టి కాసుకున్నట్టు.
నా వంతు కదా అని
పాలరాతి మెట్లు రెండుసార్లు ఎక్కి దిగాను.
తలుపు దగ్గర ఓ కుర్రాడు చెయ్యి చాచాడు,
కోట్లు లోపలికి తేకూడదు.
నా వంతు కొక్కెం పాలైంది.
చేతిలో నూట పద్నాలుగో నంబరు బిళ్ళ.
హారాన్ని తడుముకున్నట్టు దాన్నే తడుముకుంటూ
మూడు అంకాలు నిలబడ్డాను.
ఆ పాడే ఆవిడ చనిపోవడానికి అరగంట పట్టింది.
మధ్యలో జ్దెన్కా బూట్లు విప్పేసింది.
రోజంతా ఇస్త్రీ బల్ల ముందు నిలబడే కాళ్ళు,
ఇదో లెక్కా అనుకున్నాం గానీ
ఎవరూ ఏ పనీ చెప్పకుండా నిలబడ్డం వేరు.
ఆ తేడా మాకన్నా ముందు కాళ్ళకి తెలిసింది.

మర్నాడు మ్యూజియం.
కోట్లు విప్పమంటే జ్దెన్కా దగ్గింది,
జ్వరం అంది, ఎలాగో లోపలికి తెచ్చుకుంది.
రాజుల్నీ దేవదూతల్నీ చకచకా దాటేసి
ఒక బొమ్మ ముందు ఆగిపోయింది.
నాలుగొందల ఏళ్ళు దాటినా కరగని మంచు.
వేట నుంచి ముగ్గురు తిరిగొస్తున్నారు,
వెనక తలలు వాల్చేసిన కుక్కలు.
కింద లోయలో, గడ్డకట్టిన నీళ్ళ మీద
ఊరు ఊరంతా జారుతూ ఆడుకుంటోంది.
వాళ్ళలో ఒకడి భుజం మీది ఈటెకి
ఒక్క నక్క వేలాడుతోంది. బక్కది.
"ముగ్గురికీ ఒకటే దొరికింది, పాపం,"
అంటూ మెడ దగ్గర బొచ్చు నిమురుకుంది.
నవ్వాగలేదు. గార్డు వేలు చూపించాడు.

కాసేపటికి అంది:
"వీళ్ళూ ఆ ఆటలోకి దిగుతారంటావా?"
నేను వాళ్ళ వీపులు చూశాను.
మొహాలు కనిపించవు, వీపులే.
"బూట్లు తడిసుంటాయి,
ముందు అవి ఆరాలి" అంది బ్రెదా.

తిరుగు బస్సులో కోటు ఎవరూ వేసుకోలేదు,
వంతులు అయిపోయాయి.
కిటికీ పక్క ఖాళీ సీటులో అదొక్కతే కూర్చుంది,
జేబు నిండా కాఫీ హౌసు పంచదార పొట్లాలతో.
సరిహద్దు దగ్గర జ్దెన్కా నిద్రలో అడిగింది,
"దిగుంటారా?"
పడుకో, పొద్దున ఆరింటికి డ్యూటీ, అన్నాను.
"దిగుంటారు,"
అంది బ్రెదా కళ్ళు తెరవకుండానే,
"వంతులేసుకుని."